చలి చేతికి చిక్కిన ఏజెంట్ 41

ఏజెంట్ 29 శవం దొరికినప్పుడు ఒంటి మీద నూలుపోగు లేదు.

తుపాకి దెబ్బ లేదు. కత్తి గాటు లేదు. మెడ మీద వేలిముద్ర లేదు. మోంటానా కొండల్లో, మోకాటి లోతు మంచులో, ఒక స్ప్రూస్ చెట్టు మొదట్లో ముడుచుకుని పడి ఉన్నాడు. టోపీ, కోటు, చొక్కా, బూట్లు అతను నడిచొచ్చిన దారి పొడుగునా ఒక్కొక్కటే విడిచేసి ఉన్నాయి. డబ్బు జేబులోనే ఉంది. పిస్తోలు ఒరలోనే ఉంది.

అది 1976 నవంబరు. వాషింగ్టన్‌లో కిటికీల్లేని ఒక గదిలో చీఫ్ ప్రెంటిస్ ఆ ఫోటోలు బల్ల మీద పరిచాడు.

"కొత్త విషం," అన్నాడు. "నరాల మీద పనిచేస్తుంది. ఒళ్ళంతా మంటలెత్తించి మనిషిని పిచ్చివాణ్ణి చేస్తుంది. మన ల్యాబ్‌కి అంతు చిక్కలేదు. అంటే వాళ్ళు మనకంటే పదేళ్ళు ముందున్నారన్న మాట."

బల్లకి ఇటువైపు డెల్మర్ ఫిస్క్ కూర్చున్నాడు. అతను ఏజెంట్ 41. 29తో కలిసి ఐదేళ్ళు పనిచేశాడు. రెండు సార్లు ప్రాణాలు కాపాడుకున్నారు, ఒకడివి ఒకడు. స్నేహితుడి పాదాలు కనిపిస్తున్న ఫోటోని బోర్లించాడు.

"టార్గెట్?" అన్నాడు.

"హోవర్డ్ స్టేంజ్. క్షిపణుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. క్షిపణికి దారి చూపే గైడెన్స్ డ్రాయింగులన్నీ మైక్రోఫిల్మ్ మీదికి ఎక్కించాడు. ఎల్క్ అనే పెద్ద దుప్పుల వేట పేరుతో కొండల్లోకి వెళ్తాడు. అక్కడ తుపాకి, మ్యాపు, దుర్భిణి మెడకి తగిలించుకు తిరిగితే ఎందుకని ఎవడూ అడగడు."

"ఫిల్మ్ అతని దగ్గరే ఉందా?"

"లేదు. కారు, ఇల్లు, సామాను రెండు సార్లు సోదా చేశాం. పోయిన నెలే కొండల్లో ఎక్కడో దాచేశాడు. 29 వెంటబడింది అప్పుడే. ఈ నెల పంతొమ్మిదిన ఉదయం ఎనిమిదింటికి టిన్‌కప్ సరస్సు మీద మంచు మీద జారే స్కీలున్న చిన్న విమానం ఒకటి దిగుతుంది. పది నిమిషాలు ఆగుతుంది. ఆ ఫిల్మ్ సరిహద్దు దాటితే మన క్షిపణులన్నీ ఆటబొమ్మలే. పట్టుకురా. కుదరకపోతే తగలబెట్టు."

"అక్కడ మనవాళ్ళెవరైనా?"

"ముఠాలో ఒకరున్నారు. రెండు వైపులా జీతం తీసుకునే మనిషి. ముఖం నాకూ తెలీదు. నువ్వు 'ఎల్క్ కిందికి దిగాయా' అనాలి. అవతలివాళ్ళు 'మంచు పడితే గాని దిగవు' అంటారు. అదే కోడ్."

ల్యాబ్ వాళ్ళు సిగరెట్ లైటరు రూపంలో కెమెరా ఇచ్చారు. బూటు మడమలో రేడియో పెట్టారు. ఒక్క గుండు పేల్చే పెన్ను ఇచ్చారు. విషానికి విరుగుడుగా మూడు ఇంజెక్షన్లు పొడిచి పంపారు. చలికి విరుగుడు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. బాల్టిమోర్‌లో పుట్టి పెరిగిన ఫిస్క్ కూడా అడగలేదు.

*

సేజ్ ఫోర్క్ ఊళ్ళో దిగిన ఫిస్క్ వేషం ఒహాయో నుంచి వచ్చిన పళ్ళ డాక్టరుది. మీసం అతికించినది, కళ్ళజోడు ఉత్త అద్దాలది.

పెట్రోలు బంకులో ఓరచూపు చూస్తున్న ఒక బట్టతలాయన మీద అనుమానం వచ్చి ఫిస్క్ మెల్లిగా అన్నాడు: "ఎల్క్ కిందికి దిగాయా?"

"మంచు పడితే గాని దిగవు," అన్నాడాయన, గొట్టం తీయకుండానే.

ఫిస్క్ చుట్టూ చూశాడు. కన్ను గీటాడు. ఆయన కంగారుపడి రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత కిరాణా కొట్టావిడ అదే జవాబిచ్చింది. హోటల్లో గుడ్లు వేయించే ముసలాయన అదే అన్నాడు. చర్చి పాదిరీ కూడా. చీకటి పడేసరికి ఆ ఊళ్ళో ఫిస్క్‌కి ఆరుగురు రహస్య ఏజెంట్లు తేలారు. ఇక్కడివాళ్ళకి అది కుశలప్రశ్న లాంటిదని, నవంబరంతా ఎదురుపడ్డ ప్రతివాడూ ప్రతివాణ్ణీ అదే అడుగుతాడని అప్పుడు అర్థమైంది. వాషింగ్టన్‌లో ఈ కోడ్ తయారుచేసిన మేధావికి ఎంత జీతమిస్తున్నారో అనుకున్నాడు.

కొండల్లోకి తీసుకెళ్ళే మనిషి ఇంగ్రిడ్ టోల్లెఫ్‌సన్. అరవై రెండేళ్ళు. భర్త ఆర్నే పోయాక పన్నెండేళ్ళుగా వేటగాళ్ళ క్యాంపు ఒంటిచేత్తో నడుపుతోంది. తెల్లటి జడ, అతుకుల ఉన్ని ప్యాంటు, బుగ్గలో పొగాకు. ఫిస్క్ రాగానే అతని సంచి బోర్లించి కొత్త జీన్సు ప్యాంట్లు తీసి అవతల పారేసింది.

"అదేమిటండీ? మొన్ననే కొన్నాను."

"నూలుబట్ట తడిస్తే ఆరదు డాక్టరూ. అది కట్టుకుని తిరిగితే నిన్ను మీ ఊరికి పెట్టెలో పెట్టి పంపాల్సొస్తుంది. ఇదిగో, మా ఆయన ఉన్ని ప్యాంటు. వేసుకో."

"గుచ్చుకుంటోందండీ."

"ఆయనా పాతికేళ్ళు అదే గోల. వేసుకో, వేసుకో. ఆ తర్వాత నా పై దవడ పన్ను కాస్త చూసిపెట్టు, వారం నుంచి చంపేస్తోంది."

ఫిస్క్ ఆమె నోట్లోకి చూసి, "పర్వాలేదు, బాగానే కొట్టుకుంటోంది," అన్నాడు. ఆమె అతన్ని అదోలా చూసి బుగ్గలో పొగాకు అవతలికి ఉమ్మింది.

క్యాంపులో వేటకొచ్చినవాళ్ళు మరో ఇద్దరే. ఒకడు స్టేంజ్. నలభై ఏళ్ళు, నున్నటి గడ్డం, ఖరీదైన నైలాను టెంటు, నూనె కారేలా తుడిచిన కొత్త తుపాకి. ఈ కొండ మనుషుల పద్ధతులంటే అతనికి మహా చులకన. ఇంగ్రిడ్ ఏం చెప్పినా, "మా దగ్గర ఇంజనీరింగ్ అనేది ఒకటుందిలెండి," అనేవాడు.

రెండోది వివియన్ లాక్‌రిజ్. ఫ్యాషన్ పత్రిక ఫోటోగ్రాఫర్నని చెప్పుకుంది. తెల్లటి బొచ్చుటోపీ, ఆ చలిలోనూ చెరగని లిప్‌స్టిక్. ఆమె నవ్వితే గుర్రాలు కూడా తలెత్తి చూసేవి. పదిహేడో తేదీ సాయంత్రం కట్టెలు ఏరుతున్నప్పుడు ఆమె తనంతట తానే ఫిస్క్ పక్కకొచ్చింది.

"అడగవేం?" అంది.

"ఎల్క్ కిందికి దిగాయా?"

"మంచు పడితే గాని దిగవు." గొంతు తగ్గించింది. "రేపు స్టేంజ్ అందర్నీ పై లోయకి తీసుకెళ్ళమన్నాడు. రాత్రికి అక్కడ పాత క్యాబిన్‌లో బస, పొద్దున్నే సరస్సు. ఫిల్మ్ ఎక్కడ పెట్టాడో నాకూ చెప్పలేదు. నా వెనకే ఉండు."

నమ్మాలో వద్దో ఫిస్క్‌కి తెలియలేదు. ఈ జవాబు పాదిరీ కూడా చెప్పాడు కదా అనుకున్నాడు. కానీ నమ్మడం తప్ప వేరే దారి కూడా కనిపించలేదు.

*

పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం దాకా ఆకాశం నిర్మలంగా ఉంది. రెండింటికి గాలి దిశ మారింది. మూడింటికి ఎదురుగా ఉన్న కొండ మాయమైంది. మంచు అడ్డంగా కొడుతోంది.

వాగు దగ్గర నలుగురూ గుర్రాలు దాటించారు. సామాను మోసే కంచరగాడిద వెనక ఉండిపోయింది. దాన్ని పట్టుకురావడానికి ఇంగ్రిడ్, ఫిస్క్ తమ గుర్రాల కళ్ళేలు స్టేంజ్‌కి ఇచ్చి మళ్ళీ ఇవతలి గట్టుకి రాళ్ళ మీదుగా వచ్చారు. కంచర నీళ్ళలో రెండడుగులు వేసిందో లేదో పొట్ట కింది పట్టెడ ఫట్‌మని తెగింది. సామానంతా ఒక పక్కకి ఒరిగి దాన్ని వాగులోకి లాగేసింది. ఇంగ్రిడ్ ఆలోచించలేదు. నడుం లోతు నీళ్ళలోకి దూకి, కత్తితో తాళ్ళు కోసి జంతువుని విడిపించింది. టెంట్లు, గొడ్డలి, తిండి, దుప్పట్లు మంచుగడ్డల కిందికి జారిపోయాయి. కంచర ప్రాణభయంతో అడవిలోకి పరిగెత్తింది.

ఇంగ్రిడ్ గట్టెక్కి చేతిలో మిగిలిన పట్టెడ ముక్క చూసింది. ముప్పాతిక వంతు కత్తితో నీటుగా కోసి ఉంది.

ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. అవతలి గట్టు మీద స్టేంజ్ వాళ్ళ రెండు గుర్రాల్ని కూడా పట్టుకుని పోతున్నాడు. వివియన్ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. తర్వాత ఆమె కూడా అతని వెంటే వెళ్ళిపోయింది.

ఫిస్క్ పెన్ను తీసి పేల్చాడు. ఆ గుండు ఏ చెట్టుకి తగిలిందో దేవుడికే తెలియాలి.

"పళ్ళ డాక్టర్లు ఇప్పుడు ఇవి కూడా వాడుతున్నారా?" అంది ఇంగ్రిడ్. ఆమె పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

నిజం చెప్పాడు ఫిస్క్. ఏజెంటునన్నాడు, ఫిల్మ్ అన్నాడు, రేపు ఎనిమిదింటికి విమానం అన్నాడు. ఆమె తడిసిన ప్యాంటు పిండుకుంటూ విన్నది.

"అదీ సంగతి. పన్ను కొట్టుకుంటోంది అన్నప్పుడే అనుకున్నాను, వీడి వాలకం వేరని. సరే, దేశం సంగతి పొద్దున చూద్దాం. ముందు పొద్దున దాకా ఉండాలి కదా. నడు."

"ఇదిగో, ఈ గట్టు కింద గాలి తగలడం లేదు. ఇక్కడే..."

"చచ్చిపోతావు. చలి నీళ్ళలాంటిది నాయనా, పల్లానికి పారుతుంది. లోయలో ఉన్న చలంతా తెల్లారేసరికి ఇక్కడే మడుగు కడుతుంది."

"అయితే పైకి, ఆ శిఖరం మీదికి?"

"అక్కడ గాలి నీ తోలు ఒలుస్తుంది. కొండకి మూడో వంతు ఎక్కి ఆగాలి. మెల్లిగా నడు! పరిగెత్తకు. చెమట పట్టిందంటే రెండు గంటల తర్వాత అదే నీ పీక పట్టుకుంటుంది."

ఒక చోట స్ప్రూస్ చెట్లు గుబురుగా ఉన్నాయి. ఫిస్క్ అక్కడ కూలబడబోయాడు. ఇంగ్రిడ్ అతని కాలరు పట్టి లేపి పైకి చూపించింది. చచ్చిన చెట్టొకటి గాలికి కిర్రుమంటూ వాళ్ళ నెత్తి మీదికి వంగి ఉంది. మరో నలభై అడుగులు నడిచారు. అక్కడ ఒక పడిపోయిన మాను, దాని వెనక నిలువెత్తు బండ, గాలికి చాటు. ఆమె అన్నీ చూసుకుని తలూపింది.

కొమ్మలు విరిచారు. ఫిస్క్ కప్పు పెద్దగా వేయబోతే ఆమె కోప్పడింది.

"ఇక్కడేమైనా పెళ్ళి చేస్తున్నామా? ఇద్దరం పడుకుంటే మోచేతులు రాసుకోవాలి, అంతే. పెద్ద కొంప కట్టావంటే నీ ఒంటి వేడంతా దాన్ని వెచ్చబెట్టడానికే సరిపోతుంది. ఆ కొమ్మలు పైన కాదు, కింద వెయ్యి. ఇంకా వెయ్యి. నిన్ను చంపేది ఆకాశం కాదు, నేల."

చితుకులు పేర్చాక ఆమె జేబు తడుముకుంది. అగ్గిపుల్లల డబ్బీ లేదు. పొద్దున జీను మీద వేలాడదీసిన కోటు జేబులోనే పెట్టానంది. ఆ జేబులో చెయ్యి పెట్టినవాడెవడో ఇద్దరికీ తెలుసు.

"నా దగ్గర లైటరుంది," అన్నాడు ఫిస్క్ హుషారుగా. తీసి నొక్కాడు. క్లిక్ మంది. మంట రాలేదు. మళ్ళీ నొక్కాడు. క్లిక్. అప్పుడు గుర్తొచ్చింది.

"ఏమిటది?"

"కెమెరా," అన్నాడు ఫిస్క్. అతని ముఖం చూడలేక ఆమె తల తిప్పుకుంది. అంతలోనే నవ్వింది. నవ్వుతూనే చొక్కా లోపల మెడలో వేలాడుతున్న చిన్న సీసా తీసింది. మైనంలో ముంచిన అగ్గిపుల్లలు ఐదున్నాయి. ఆర్నే అలవాటు చేశాడట.

మంట రాజుకుంది. వెనక బండ ఎర్రగా వెలిగి ఆ వేడిని వాళ్ళ వీపుల మీదికి తోసింది. కాసేపు ఫిస్క్‌కి గెలిచామనే అనిపించింది.

*

ఆ రాత్రి గురించి ఫిస్క్ తర్వాత ఎన్నడూ ఎక్కువ మాట్లాడలేదు. గొడ్డలి లేదు. చేతికందిన ఎండు కొమ్మలన్నీ అయిపోయాయి. పచ్చి కొమ్మలు పొగ తప్ప మంట ఇవ్వలేదు. మిగిలిన నాలుగు పుల్లలూ రెండు సార్లు ఆరిన నిప్పుని లేపడానికే పోయాయి. బూటు మడమలో రేడియో చలికి చచ్చింది, ఎంత తిప్పినా గురగుర కూడా లేదు. ఇంగ్రిడ్ ప్యాంటు సగం ఆరింది, సగం గడ్డకట్టింది. ఆమె వణుకు అతని ఎముకలకి తెలుస్తోంది. ఉన్న కోటు కప్పాడు, పాదాలు తన పొట్టకి ఆనించుకున్నాడు. అంతకు మించి చేయగలిగిందేమీ లేదు. నాలుగు భాషల్లో అబద్ధమాడగలడు, మూడు నిమిషాల్లో ఏ తాళమైనా తీయగలడు. ఒక ముసలావిడ కాళ్ళు వెచ్చగా ఉంచడం చేతకావడం లేదు. అతనికి ఏడుపొచ్చింది.

తెల్లవారుజామున ఆమె వణుకు ఆగింది. హమ్మయ్య, తేరుకుంటోంది అనుకున్నాడు ఫిస్క్.

"ఉక్కగా ఉంది ఆర్నే," అంది ఇంగ్రిడ్.

"ఏమిటండీ?"

"ఏం ఉక్క, ఏం ఉక్క... ఆ కిటికీ తియ్యి." కోటు బొత్తాలు విప్పుకుంటోంది. టోపీ తీసి పారేసింది. సున్నాకి ఇరవై డిగ్రీల కింద ఉన్న గాలిలో ఆమె చొక్కా పీక్కుంటోంది.

 29 దారి పొడుగునా విడిచిన బట్టలు ఫిస్క్ కళ్ళ ముందు కదిలాయి. విషం లేదు. ఏ ల్యాబూ లేదు. వాళ్ళు పదేళ్ళు ముందు లేరు, ఒక్క రోజు కూడా ముందు లేరు. ఎవడో 29 జేబులోంచి అగ్గిపెట్టె తీసేశాడు. మిగతా పని చలి చేసింది. చివరి క్షణాల్లో పిచ్చి మెదడు ఒళ్ళు కాలిపోతోందని అబద్ధం చెప్పింది. స్నేహితుడు ఒంటరిగా ఇలాగే బొత్తాలు విప్పుకుని ఉంటాడు. ఆపడానికి పక్కన ఎవరూ లేరు.

అతను బొత్తాలు పెట్టాడు. ఆమె విప్పింది. మళ్ళీ పెట్టాడు. "వదులు ఆర్నే, వేడికి చచ్చిపోతున్నా," అని గింజుకుంది. బలవంతంగా చేతులు కట్టేశాడు, తన మఫ్లరుతో.

గడియారం చూశాడు. ఏడూ పది.

తుఫాను వెలిసింది. కింద కుడివైపు సరస్సు తెల్లటి పళ్ళెంలా ఉంది. దాని ఒడ్డున, లోయ అడుగున, స్టేంజ్ తన గుర్రం మీదే కట్టుకున్న నైలాను టెంటు నారింజ రంగులో కనిపించింది. అంటే నిన్న మంచులో వాళ్ళకి క్యాబిన్ దొరకలేదు. ఎడమవైపు, చెట్ల సందులో, మంచు మూసిన ఒక కప్పు, పైన పొగగొట్టం. క్యాబిన్ అదే. ఉన్న చోటు నుంచి రెండూ అరమైలు దూరమే. రెండూ రెండు వైపులు.

కుడికి వెళ్తే స్టేంజ్‌ని ఆపే అవకాశం ఉంది. ఎడమకి వెళ్తే ఆమె బతికే అవకాశం ఉంది.

"తగలబెట్టు" అన్నాడు చీఫ్. దేశమంతా ఒక వైపు ఉంది. ఇంకోవైపు తనకి గుచ్చుకునే ప్యాంటు ఇచ్చిన మనిషి ఉంది. ఫిస్క్ సరస్సు వైపు చూశాడు, మళ్ళీ ఆమెని చూశాడు. కొమ్మల పరుపు మీద ఆమెని పడుకోబెట్టి, బెల్టు దూర్చి ఎడమవైపుకి లాగడం మొదలుపెట్టాడు. మిషన్ పోయిందని అతనికి తెలుసు. సిగ్గుగా ఉంది, కోపంగా ఉంది, లాగుతూనే ఉన్నాడు.

*

క్యాబిన్‌కి తాళం లేదు. ఆ కొండల్లో ఏ క్యాబిన్‌కీ ఉండదు. తలుపు తోసి ఆమెని లోపలికి ఈడ్చి బల్ల మీదికి ఎక్కించాడు. గోడ మీద గొంగళి ఉంది, కప్పాడు. ఏడూ యాభై. వేళ్ళు చెప్పిన మాట వినడం లేదు. ఈ వేళ్ళతో చితుకులు ఎలా చీల్చాలి, ఎలా పేర్చాలి?

ఇనప పొయ్యి తలుపు తెరిచాడు. లోపల అన్నీ సిద్ధంగా ఉన్నాయి. అడుగున కాగితం, పైన జిగురోడే చితుకులు, వాటి పైన చీల్చిన దుంగలు. పొయ్యి మీద గాజు సీసాలో అగ్గిపుల్లలు.

"ఎవరు పెట్టారు ఇవన్నీ?" అన్నాడు పైకే.

"వెళ్ళినవాళ్ళు," గొణిగింది ఇంగ్రిడ్, కళ్ళు తెరవకుండా. "వెళ్ళేటప్పుడు పేర్చి పోవాలి... వచ్చేవాడికి చేతులు పనిచెయ్యవు... ఒక్క పుల్ల గియ్యడమే మిగలాలి..."

ఆకాశంలో విమానం చప్పుడు మొదలైంది.

ఫిస్క్ సీసా పొయ్యి మీద బోర్లించాడు. పుల్లలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. ఒక్కటి రెండు అరచేతుల మధ్య ఇరుక్కుంది. ఇనుము మీద గీశాడు. మంట లేచింది.

"వద్దు! వెలిగించకు!"

గుమ్మంలో స్టేంజ్. కనుబొమల మీద మంచు, పెదాలు నీలంగా ఉన్నాయి. రాత్రంతా పల్లంలో, చలి మడుగులో పడుకున్న మనిషి రెండు కాళ్ళ మీద నిలబడడమే గొప్ప. చేతిలో తుపాకి ఉంది. వెనక వివియన్ ఉంది. బొచ్చుటోపీ ఉంది, లిప్‌స్టిక్ లేదు.

"పుల్ల ఆర్పెయ్. నీ ప్రాణం నీకిస్తాను. ఆర్పు!"

చలికి చచ్చిపోతున్న మనిషి మంట వద్దంటున్నాడు. ఎందుకు వద్దంటున్నాడో ఫిస్క్‌కి ఆలోచించక్కర్లేదు. పోయిన నెల ఈ క్యాబిన్‌కి వచ్చిన ఇంజనీరు నీటుగా పేర్చి, వెలిగించకుండా ఉన్న పొయ్యి చూశాడు. అలంకారానికి పెట్టిందనో, ఎవరూ వాడరనో అనుకుని ఉంటాడు. దేశంలో ఇంతకంటే భద్రమైన చోటు లేదనుకుని ఫిల్మ్‌ని ఆ కాగితాల మధ్య చుట్టి పెట్టాడు. ఈ కొండల్లో పుట్టిన పిల్లి కూడా చెయ్యని పని అది.

పుల్ల ఆర్పితే ఫిల్మ్ చెక్కుచెదరకుండా చేతికొచ్చే వీలుంది. చీఫ్ మెడల్ ఇచ్చే వీలుంది. బల్ల మీద ఇంగ్రిడ్ ఊపిరి మధ్యమధ్య ఆగుతోంది. మంట అతని అరచేతుల దాకా వచ్చింది, అయినా వేడి తెలియడం లేదు.

ఫిస్క్ పుల్ల లోపలికి జారవిడిచాడు.

స్టేంజ్ ట్రిగ్గరు నొక్కాడు.

టిక్ మంది. అంతే. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ టిక్. పొయ్యిలో కాగితం అంటుకుంది, జిగురు చితుకులు చిటపటమన్నాయి, మధ్యలో ఏదో ఒకటి తళుక్కున నీలంగా మండి ముడుచుకుపోయింది. స్టేంజ్ తుపాకి పారేసి పొయ్యి మీద పడ్డాడు. చెయ్యి లోపల పెట్టి కేక వేసి వెనక్కి లాక్కున్నాడు. గుప్పెట్లో మసి తప్ప ఏమీ లేదు.

"నూనె..." అంది ఇంగ్రిడ్ బల్ల మీంచి. "చలికి తుపాకిలో నూనె గడ్డకడుతుంది... చెప్పానా లేదా..."

ఫిస్క్ ఆమె వైపు తిరిగాడు. ఆమె మళ్ళీ వణుకుతోంది. అంత అందమైన దృశ్యం అతను జన్మలో చూడలేదు.

బయట విమానం సరస్సు మీద దిగింది. ఇంజను ఆగలేదు. పది నిమిషాలు ఆ చప్పుడు వినిపించింది. తర్వాత అది లేచి, కొండ దాటి, ఖాళీగా ఉత్తరానికి పోయింది.

అప్పుడు వివియన్ కోటు లోంచి చిన్న పిస్తోలు తీసింది. దాన్ని ఫిస్క్ వైపు తిప్పింది, పొయ్యి వైపు చూసింది, ఒక్క క్షణం ఆలోచించి స్టేంజ్ కణతకి ఆనించింది.

"ఏజెంట్ 41, నేను మొదట్నుంచీ మీ పక్షమే."

"నిన్న వాగు దగ్గర?"

"నిన్నటికి ఎవరు గెలుస్తారో తేలలేదు కదా," అంది వివియన్. ఆ మాట చెప్పినప్పుడు ఆమెకి సిగ్గనిపించినట్టు లేదు.

స్టేంజ్ నేల మీద కూర్చుని కాలిన చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు. "నేనెవర్నీ చంపలేదు. ఆ మొదటివాణ్ణి ముట్టుకోలేదు కూడా. అగ్గిపెట్టె ఒక్కటే తీశాను," అన్నాడు. నిజంగానే అదొక పెద్ద నేరమని అతనికి తోచినట్టు లేదు. ఫిస్క్ పిడికిలి బిగించాలని చూశాడు. వేళ్ళు ముడుచుకోలేదు. స్నేహితుడి కోసం ఒక్క దెబ్బ కూడా కొట్టలేని చేతుల్ని అలాగే పొయ్యి ముందు చాపుకుని కూర్చున్నాడు.

అరగంటకి పొయ్యి పక్కన ఆరబెట్టిన బూటు మడమ వెచ్చబడి గురగురమంది. చీఫ్ గొంతు వినబడింది.

"నలభై ఒకటీ! విషం శాంపిల్ దొరికిందా?"

*

పదింటికి హెలికాప్టరు సరస్సు ఒడ్డున దిగింది. స్టేంజ్‌నీ, "మీ పక్షమే" అన్న వివియన్‌నీ కూడా సంకెళ్ళు వేసి ఎక్కించారు. ఇంగ్రిడ్ పాదాలు అందులో వచ్చిన డాక్టరు చూసి పెదవి విరిచాడు. ఎడమ కాలి రెండు వేళ్ళు పోతాయన్నాడు.

"మిగతా ఎనిమిదీ నావేగా," అంది ఆమె. స్ట్రెచరు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి రెండు చేతుల్తో తలుపు చట్రం పట్టుకుని ఆపేసింది. "దించండి. నేను రాను."

"అమ్మా, మళ్ళీ తుఫానొస్తోంది. ఇంజను తిరుగుతోంది," అన్నాడు పైలట్.

"తిరగనీ. ఆ పొయ్యి ఖాళీగా ఉంది. ఏమయ్యా ఏజెంటూ, కట్టెలు వాడుకున్నదెవరు?"

 ఫిస్క్ క్యాబిన్ గోడకి ఆనించి ఉన్న గొడ్డలి తీసుకుని వెనక్కి వెళ్ళాడు. ఉబ్బిన వేళ్ళతో చితుకులు చీల్చాడు, కాగితం మడిచాడు, పుల్లలన్నీ ఏరి సీసాలో పోశాడు. ఆమె స్ట్రెచరు మీంచే పర్యవేక్షించి, వంకర పేర్చావని రెండు సార్లు పీకించి మళ్ళీ పెట్టించింది. ఈ లోపల చీఫ్ రేడియోలో మూడు సార్లు అరిచాడు.

హెలికాప్టరు ఇరవై నిమిషాలు ఆలస్యంగా లేచింది. లాగ్ పుస్తకంలో ఆలస్యానికి కారణం అన్న చోట ఏం రాయాలో తోచక పైలట్ పెన్ను కొరుకుతుంటే, "ఇంటావిడ ఆజ్ఞ" అని రాయమన్నాడు ఏజెంట్ 41.